డిక్కీ స్విచ్చి, నువ్వు కుట్టిన దిండు

ఆదివారం, మధ్యాహ్నం

అమ్మకు,

నీ చిన్నకూతురు రెండు చేతులూ జోడించి రాస్తున్న ఉత్తరం. ఆ చేతుల సంగతి తర్వాత చెబుతాను. ఇక్కడ నేను, నాన్న కులాసా. అక్కడ నువ్వు, అక్క, బావ, మన బుడ్డోడు హాయిగా ఉన్నారని అనుకుంటున్నాను. బుడ్డోడికి పన్ను వచ్చిందని రాశావు గానీ ముందుగా ఎవరిని కరిచాడో రాయలేదు. బావనే అయ్యుంటాడని నాన్న పందెం కాస్తున్నాడు.

నాన్న మందులు మానకుండా వేసుకుంటున్నాడు. వంట మాత్రం ఆయనకూ నాకూ ఇంకా అబ్బలేదు. మొన్న అడుగంటిన గిన్నెను ఆయన రెండు రోజులు నానబెట్టి, మూడో రోజు నాకు కనపడకుండా అటక మీద దాచేశాడు. వెనక గది కిటికీ బిగుసుకుపోయిందన్నావు కదా, సరిచేశాను. కుళాయి కారడం మానేసింది. ఎవరిని పిలిచి చేయించావని అడిగావు. ఎవరినీ పిలవలేదు, వాషరు నేనే మార్చాను.

నా నడుం నొప్పి ఎలా ఉందనీ, నువ్వు కుట్టి పంపిన దిండు ఆఫీసు కుర్చీకి సరిపోయిందా అనీ అడిగావు. నడుం బ్రహ్మాండంగా ఉంది. దిండు రోజూ వాడుతున్నాను. కుర్చీకి సరిపోయిందో లేదో కాస్త ఆగి చెబుతాను.

ఇంత కథ ఉత్తరంలో ఎందుకు, ఫోన్లో మెసేజీ కొట్టొచ్చు కదా అని అక్క విసుక్కుంటోందట. దానికేం తెలుసు? ఫోన్లో మాట నీకు వినపడదు, మెసేజీ చదివితే చదివినట్టుండదంటావు. పైగా ఈసారి చెప్పాల్సింది చాలా ఉంది. ఈ ఉత్తరంలో ఒక గొప్పా, ఒక తప్పూ ఉన్నాయి. గొప్ప ముందు చెబుతాను. దయచేసి చివరి పేజీ ముందు చదవకు. నీకు ఆ అలవాటుందని నాకు తెలుసు.

మా కార్ల షెడ్డు పెద్దను నువ్వు చూడలేదు. ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు, చెవుల మేస్త్రీ అంటారు. బానెట్టు మీద చెవి ఆనించి, కళ్లు మూసుకుని, లోపలి రోగమేమిటో చెప్పేస్తాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ మాట తప్పదు. ఇది ఆ పదోసారి కథ.

మా షెడ్డుకు ఒక టీచరమ్మ వస్తారు. బడిలో లెక్కలు చెబుతారు, యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తారు. ఆరేళ్ల కిందట కాళ్లు పడిపోయాయి గానీ చేతులకు మాత్రం పాతికేళ్లే. రోజూ పొద్దున టీచరమ్మ ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, చక్రాల కుర్చీ మడిచి డిక్కీలో పెట్టి, కొట్టు దగ్గర దింపి, అటునుంచి బడికి వెళతారు. డిక్కీ తెరుచుకోకపోతే కుర్చీ బయటికి రాదు, ఆయన కారు దిగలేరు.

ఆ డిక్కీ తెరిచే స్విచ్చి ఎక్కడుంటుందంటే, నంబరు ప్లేటుకు పైన ఉన్న అడ్డపట్టీ కింద, వేళ్లు దూరేంత సందులో, మెత్తని రబ్బరు బొత్తాంలా ఉంటుంది. నొక్కితే లోపల లాకు వదిలేయాలి. టీచరమ్మ కారులో అది ఒకరోజు పలికితే నాలుగు రోజులు పలికేది కాదు. పలకని రోజున ఆవిడ వెనక సీటు మడిచి, దాని మీద బోర్లా పడుకుని, డిక్కీలోకి సగం దాకా పాకి, లోపలుండే అత్యవసరపు తాడు లాగాలి. అదీ వీధి మధ్యలో, తన దగ్గర చదువుకునే పిల్లలు చూస్తుండగా.

నాలుగుసార్లు మా దగ్గరికి తెచ్చారు. ఒకసారి ఫ్యూజు మార్చారు, ఒకసారి లాకు మోటారు మార్చారు, ఇంకోసారి డిక్కీ మూతలోని వైర్లన్నీ లాగి చూశారు. నాలుగోసారి ఏం చేశారో వాళ్లకే తెలియాలి. ప్రతిసారీ చెవుల మేస్త్రీ ఆ బొత్తాం నొక్కి, చెవి పెట్టి, "టిక్కుమంటోంది. స్విచ్చికేం రోగం లేదు" అని తేల్చేశాడు. ప్రతిసారీ షెడ్డులో ఉన్న రెండు రోజుల్లోనే డిక్కీ బుద్ధిగా తెరుచుకునేది. ఇంటికి తీసుకెళ్లిన మర్నాడే మొరాయించేది.

ఐదోసారి వచ్చినప్పుడు మేస్త్రీ తల గోక్కుని, "కంప్యూటరు పెట్టె పోయుంటుందండీ. తెప్పించాలంటే రెండు నెలలు పడుతుంది" అన్నాడు.

"రెండు నెలలా?" అన్నారు టీచరమ్మ. ఆవిడకు కోపం రాలేదమ్మా, అదే నాకు బాధేసింది. "ఇంక పాకడం నా వల్ల కాదు మేస్త్రీ. ఈయన్నే ఇంట్లో ఉండిపొమ్మంటాను."

ముందు సీట్లో ఉన్న ఆవిడ భర్త ఒళ్లో పెట్టుకున్న చేతుల్ని తిప్పి చూసుకున్నారు. అలా చూసుకోవడం నేను ఇంతకుముందు ఒకరి దగ్గర చూశాను. టెలిఫోన్ ఎక్స్చేంజిలో నీ చివరిరోజున ఇంటికొచ్చి, గడప మీద కూర్చుని, నువ్వూ నీ చేతుల్ని అలాగే చూసుకున్నావు. నాకప్పుడు పన్నెండేళ్లు.

అంతే, నా నోరు ఊరుకోలేదు. "మేస్త్రీ, నేను స్విచ్చి విప్పి చూస్తాను" అన్నాను.

"టిక్కుమంటోందిగా?"

"టిక్కుమనేది స్ప్రింగు. కరెంటు కాదు."

షెడ్డులో పానాలు ఆగిపోయాయి. ఆయన చెవిని కాదన్నవాళ్లు ఇంతవరకూ లేరు. మేస్త్రీ నన్ను పైనుంచి కిందికి చూసి, "సరే, విప్పు. సాయంత్రానికి తెరుచుకోవాలి, వారం తర్వాత కూడా తెరుచుకోవాలి. తెరుచుకుందా, ఇక్కడే ఉంటావు. లేదంటే నోరు మూసుకుని తిరిగి కుర్చీలోకి పోయి బిల్లులు రాసుకుంటావు" అన్నాడు.

'తిరిగి' అన్న మాట దగ్గర ఆగిపోయావు కదూ? ఆగకు, చదువు.

ఆ ధైర్యం నాకు ఎక్కడిదో నీకు చెప్పక్కర్లేదు. నీకు చెవులు మందగించాక ఆపరేటరు సీటు తీసేసి వెనక గదిలో వేశారు. నువ్వు ఆ గది గురించి ఎప్పుడూ మాట్లాడవు. చుట్టాలైతే "పాపం, మూల కూర్చోబెట్టారు" అనేవాళ్లు. నేను మాత్రం బడి అయ్యాక పరుగెత్తుకుంటూ ఆ గదికే వచ్చేదాన్ని. గోడంతా నిలువెత్తున ఇనుప చట్రాలు, వాటినిండా ఊరి ఫోన్లు కలిపే చిన్నచిన్న రేకు నాలుకలు. ఒక్కొక్కదాన్ని నువ్వు తుడుస్తూ, "అవి టిక్కుమంటున్నాయో లేదో నాకెలాగూ వినపడదు. అందుకే చూస్తా, తాకుతా, అప్పుడు నమ్ముతా" అనేదానివి. మా షెడ్డులో తొమ్మిదిమంది ఉన్నారు, అందరికీ చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. పాపం, వాళ్లకు అదే అడ్డమైంది.

డిక్కీలోకి పాకడానికి పొట్ట అడ్డంలేనిదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పాకి, తాడు లాగి మూత లేపాను. చక్రాల కుర్చీ దించితే గడియారాల ఆయన నా పక్కకే వచ్చి కూర్చున్నారు. మోకాళ్ల కింద మెత్తగా ఒకటి వేసుకుని కూర్చుని, లోపలి అట్ట క్లిప్పులు ఒక్కటీ విరగకుండా ఊడదీశాను. వాటిని విరగ్గొట్టకుండా తీసినవాళ్లు మా షెడ్డులో తక్కువ, ఈ మాట నాన్నకు చదివి వినిపిస్తే నవ్వాడు. రెండు నట్లు విప్పితే అడ్డపట్టీ చేతికొచ్చింది. దానికి అంటిపెట్టుకుని స్విచ్చి, అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. రబ్బరుకు పైనుంచి చూస్తే ఏమీ లేదు. వేలితో సాగదీస్తే వెంట్రుకంత పగులు.

పలుచని బ్లేడుతో మూత విప్పాను. అమ్మా, లోపల పచ్చగా చిలుము! రాగి నాలుక మీద, దాని కింది చుక్క మీద, అంతా. నొక్కినప్పుడు స్ప్రింగు టిక్కుమంటోంది, నాలుక వంగుతోంది, చిలుము మీద ఆగిపోతోంది. ఎండితే అప్పుడప్పుడు అంటుకునేది, తడి తగిలితే లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారే, అదే జరిగింది. మేస్త్రీకి మీటరు పెట్టి చూపించాను. బొత్తాం నొక్కాను, టిక్కుమంది, మీటరులో ముల్లు కదల్లేదు. ఆయన రెండోసారి తనే నొక్కాడు. మూడోసారి కూడా నొక్కాడు. తర్వాత టీ తాగడానికి వెళ్లిపోయాడు.

శుభ్రం చేయడమే కష్టమైంది. షెడ్డులో ఉన్న గరుకు కాగితంతో గీకితే చిలుముతోపాటు పైనున్న పూత కూడా పోతుంది, నెల తిరగకముందే మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది ఎక్స్చేంజినాటి నీ పనిముట్ల పెట్టె. అన్నానికని ఇంటికొచ్చి, "నాన్నా, పెట్టె తాళంచెవి ఏదీ?" అన్నాను.

"ఏ పెట్టె?"

"ఆ పెట్టే."

నాన్న కంచం పక్కకు జరిపాడు. "ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి వెళ్లింది మీ అమ్మ. నాకేం తెలీదు. తాళంచెవి గోడ గడియారం వెనక ఉందని నేను చెప్పలేదు. చెప్పలేదని గుర్తుంచుకో."

తీశానమ్మా. నిన్ను అడగకుండా తీశాను. రేకు నాలుకలు తోమే నీ సన్నని ఉక్కుపట్టీ కాగితంలో చుట్టి ఉంది, కాగితం మీద నీ అక్షరాలతో 'తడి తగలనీయకు' అని. పదకొండేళ్లయినా మచ్చ పడలేదు. కంటికి నున్నగా ఉంటుంది, గోటితో తాకితేనే గరుకు తెలుస్తుంది. దాన్ని పట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను. నాన్న వచ్చి, "వెళ్లవే, కారు ఎదురుచూస్తోంది" అన్నాడు.

ముందు స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో పైపై పచ్చదనం తీసేశాను. తర్వాత నాలుకకూ చుక్కకూ మధ్య పట్టీ పెట్టి, బొత్తాం మెల్లగా నొక్కి, లాగాను. నువ్వు చెప్పినట్టే ఒకే వైపుకు, ముందుకూ వెనక్కీ కాదు. ప్రతిసారీ పట్టీని తుడిచి మళ్లీ లాగాను. ఇరవైసార్లు లాగేసరికి రాగి నవ్వింది. మీటరు పెట్టి నొక్కితే ముల్లు ఒక్క గెంతు గెంతింది. నేనూ గెంతాను. నా తల డిక్కీ మూతకు కొట్టుకుంది, బొప్పి ఇంకా ఉంది.

కానీ తుడిస్తే సరిపోదు, నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియాలి. వానలు లేని నెలల్లో కూడా చెడిపోయింది కదా! షెడ్డులో ప్రతి కారుకీ పని కార్డు ఒకటి ఉంటుంది. టీచరమ్మ కారువి నాలుగు కార్డులూ తీసి పక్కపక్కన పెట్టాను. చేసిన పని ప్రతి కార్డు మీదా వేరు. కింది వరస మాత్రం నాలుగింటి మీదా ఒకటే, 'కడిగి అప్పగించడమైనది'. కడగకుండా కారు ఇవ్వడం మా షెడ్డుకు నామోషీ. జోరు పైపుతో మెరిసేలా కడిగి మరీ ఇస్తాం. ఆ జోరుకు పగిలిన రబ్బరులోంచి నీళ్లు లోపలికి పోయేవి. అంటే మేమే బాగుచేశామని చెప్పి, మేమే చెడగొట్టి, మెరుస్తూ అప్పగించామన్నమాట.

రబ్బరు బొత్తాం పాత కారొకదానినుంచి మంచిది దొరికింది. దాన్ని అమరుస్తుంటే పక్కనున్న గడియారాల ఆయన జేబులోంచి చిన్న గ్రీజు డబ్బీ తీసి ఇచ్చారు. "నీళ్లలో తడిసినా ఆగని గడియారాలకు మూత అంచున ఇది రాస్తాం. సన్నగా చుట్టూ రాయమ్మా" అన్నారు. రాశాను.

మేస్త్రీ టీ తాగి వచ్చాడు. జోరు పైపు తీసుకుని, ఆ సందులోకే సూటిగా పట్టి, నూరు అంకెలు లెక్కపెట్టేదాకా కొట్టాడు. పైపు పక్కన పడేసి, "టీచరమ్మగారూ, మీరు నొక్కండి" అన్నాడు. ఆవిడ ఒక్క వేలితో నొక్కారు. డిక్కీ లేచింది.

అయినా వారం గడువుంది కదా. ఆ వారం రోజులు నాకు అన్నం సహించలేదు, అడుగంటిన కూర వల్ల కాదు. నిన్న శనివారం టీచరమ్మ కారు షెడ్డు ముందు ఆపి, దిగి, నా దగ్గరికి వచ్చారు. "ఏడు రోజులు. రోజుకు నాలుగుసార్లు. ఒక్కసారి కూడా తప్పలేదు" అన్నారు. లెక్కల టీచరు కదా, లెక్క పెట్టుకున్నారు. నా తల నిమిరారు, సరిగ్గా బొప్పి మీద.

గడియారాల ఆయన కిటికీ దించి, "ఆ పట్టీని ఒకే వైపుకు లాగావు. చూశాను. అలా లాగాలని తెలిసినవాళ్లు ఇప్పుడు లేరు. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని అడిగారు.

"మా అమ్మ దగ్గర."

"ఏ షెడ్డులో చేసేవారు?"

"షెడ్డు కాదండీ. టెలిఫోన్ ఎక్స్చేంజి, వెనక గది."

ఆయన తలూపి, "అయితే ఈ ఊరు ఇన్నాళ్లూ మాట్లాడుకున్నది ఆవిడ చేతి మీదుగానే" అన్నారు. షెడ్డులో అందరూ విన్నారు. నువ్వు కూడా అక్కడుండి, ఆ మాట ఆయన పెదాల మీద చదివి ఉంటే ఎంత బాగుండేదో! ఆ గదిలో నిన్ను మూల కూర్చోబెట్టారని నువ్వు అనుకున్నావు. నాకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అది మా అమ్మ ఏలిన గదే.

గొప్ప అయిపోయింది. ఇప్పుడు తప్పు.

నువ్వు ఎంతమందిని బతిమాలి ఆ బిల్లుల కుర్చీ ఇప్పించావో నాకు తెలుసు. ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం, చేతికి మసి అంటనిది. "నా చేతులు నా కూతుళ్లకు వద్దు" అన్నావు. ఆ కుర్చీలో నేను కూర్చున్నది నువ్వు అక్క దగ్గరికి వెళ్లాక మొదటి మూడు వారాలు మాత్రమే. నాలుగు నెలల కిందట మేస్త్రీని అడిగి షెడ్డులోకి దిగాను. కుర్చీలో ఇప్పుడు ఇంకో అమ్మాయి ఉంది, దానికి అంకెలంటే ప్రాణం, అది హాయిగా ఉంది. 'పొద్దంతా ఫ్యాను కింద కూర్చుని రాస్తున్నాను' అని నీకు రాసిన ఉత్తరాలన్నీ అబద్ధాలు. నాన్నకు మొదటినుంచీ తెలుసు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదంటావు కదా, నాలుగు నెలలు నానింది. ఆయన్ని ఏమీ అనకు.

ఇంకొకటి కూడా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు షెడ్డులో ఇచ్చే పని కార్లు కడగడం. కడిగినవాళ్లు కార్డు మీద సంతకం చేయాలి. ఆ నాలుగు కార్డుల మీదా ఉన్న సంతకం నాదే. పెద్దావిడ కారు కదా అని నేనే ఆ సందులో మట్టి లేకుండా పైపు పెట్టి మరీ కడిగాను. మొదట వాననీళ్లు చేరాయేమో గానీ, ఆవిడ మళ్లీ మళ్లీ వీధిలో బోర్లా పడుకుని పాకడానికి కారణం నా శ్రద్ధే. ఇది ఎవరూ కనిపెట్టలేదు. కార్డులు దాచేస్తే కనిపెట్టేవాళ్లు కూడా కాదు. కానీ ఆ రోజు డిక్కీ లేచాక, అందరి ముందూ, టీచరమ్మకు కార్డులు చూపించి చెప్పాను. ఆవిడ నాలుగు సంతకాలూ చూసి, "తప్పు చేసినవాళ్లే లెక్క దిద్దితే మార్కులు తగ్గించను" అన్నారు. మేస్త్రీ మర్నాడు పైపు దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో 'నంబరు ప్లేటు పైన పైపు పెట్టరాదు' అని రాయించాడు. ఇప్పుడు ఏదైనా కారు మీద చెవి పెట్టి రోగం చెప్పాక, నా వైపు తిరిగి "నువ్వు కూడా ఒకసారి చూసి చెప్పు" అంటున్నాడు. అక్కడ ఆ మాట అనిపించుకోవడం ఎంతో నీకు తెలియాలంటే ఆయన్ని చూడాలి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటావని తెలుసు. తొక్కాను, కడుక్కుంటున్నాను. నీకు అబద్ధం చెప్పినందుకు సిగ్గుపడుతున్నాను. షెడ్డులోకి దిగినందుకు మాత్రం సిగ్గుపడను. నా గోళ్లలో నలుపు ఉంది, ఎంత తోమినా పోదు. పొద్దున అద్దం ముందు జడ వేసుకుంటుంటే వేళ్లు అచ్చం నీ వేళ్లలా కనిపించాయి. నీకు వద్దనిపించిన చేతులే నాకు వచ్చాయి, నాకు అవి నచ్చాయి. నువ్వు వద్దంటే మాత్రం ఆ పని నాకు సగమే మిగులుతుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

దిండు సంగతి బాకీ ఉండిపోయింది. అది కుర్చీకి సరిపోయిందో లేదో నాకు తెలియదు, కుర్చీ మీద ఒక్కరోజు కూడా వేయలేదు. టీచరమ్మ కారు వెనక మోకాళ్ల కింద వేసుకున్న మెత్తనిది అదే. రోజూ దాని మీదే పని. నువ్వు తెల్లగుడ్డ మీద కుట్టిన నీలం పువ్వులు ఇప్పుడు గ్రీజు కింద ఎక్కడో ఉన్నాయి, ఎంత ఉతికినా తేలడం లేదు.

నీకు కోపం వస్తే తిట్టి రాయి, ఎన్ని పేజీలైనా చదువుతాను. కోపం లేకపోతే ఏమీ రాయకు. ఆ దిండుకు ఒక గలీబు కుట్టి పంపు, నల్లగుడ్డతో.

ఇట్లు,
పెట్టెను మళ్లీ తాళం వేయకుండా ఉంచిన,
నీ చిన్నది